అరవై ఒక్క కిలోల పడికట్టు రాయి

ఆ ఆసుపత్రి రెండో అంతస్తులోని సర్జరీ వార్డుకు ముప్ఫై మంచాలు, తిరిగేవి నాలుగు ఫ్యాన్లు, ఒక తూకం మిషన్, ఆ మిషన్‌కు ఒక పడికట్టు రాయి ఉండేవి. పడికట్టు రాయి అనగానే కొట్టులో త్రాసు పక్కన కూర్చునే ఇనపగుండు అనుకునేరు. ఇక్కడ ఆ పదవిలో ఉన్నది నిక్షేపంలాంటి మనిషి. వయసు యాభై మూడు, ఉద్యోగం నర్సు, బరువు అరవై ఒకటి.

ఆడవాళ్ళ వయసూ బరువూ పదిమందిలో చెప్పకూడదన్న మర్యాద లోకమంతా ఉన్నదే. ఈవిడ విషయంలో మాత్రం వృత్తి ధర్మం కోసం దాన్ని సడలించారు. తొమ్మిదేళ్ళ కిందట సిబ్బందికి ఆరోగ్య పరీక్షలు జరిగినప్పుడు, కింది అంతస్తులోని కొత్త మిషన్ మీద ఆవిడ సరిగ్గా అరవై ఒకటి తూగింది. పైకొచ్చి వార్డు మిషన్ ఎక్కితే అదీ అరవై ఒకటే చూపింది. మిషన్లను సరిచూసే మనిషి ఏడాదికొకసారి రావాలని నియమం. ఆయన ఎప్పుడో వచ్చి వెళ్ళినట్టు మిషన్ వీపున ఒక చీటీ సాక్ష్యం చెబుతుంది కానీ తేదీ అడిగితే నోరు మెదపదు. కనుక ఆనాటి నుంచి ఒక ఆనవాయితీ ఏర్పడింది. పొద్దున్నే రోగులకంటే ముందు ఆవిడ మిషన్ ఎక్కుతుంది. ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగిందా, మిషన్ మంచిది. ఆగలేదా, మిషన్ చెడ్డది. అప్పుడు ఆవిడ గడియారం లాంటి దాని ముఖం కింద ఉన్న చిన్న చక్రాన్ని బొటనవేలితో తిప్పి దాన్ని సన్మార్గంలో పెడుతుంది. అందుకే ఆవిడను అందరూ తూకం సిస్టర్ అంటారు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ అవసరం పడలేదు.

ఇదంతా దేనికంటే, పోషణ స్థితి అంచనా పత్రం కోసం. ప్రతి మంచానికీ ఒక పత్రం. అందులో ఐదు గళ్ళు: బరువు, జబ్బ చుట్టుకొలత, ఆకలి, పళ్ళెంలో మిగిలింది ఎంత, ఒంట్లో నీరు చేరిందా. ప్రతి గడికీ మార్కులు. బడిలో మార్కులు ఎక్కువైతే పండగ, ఇక్కడ ఎక్కువైతే ప్రమాదం. మొత్తం రెండు దాటకముందే, రెండు తాకగానే, పత్రం మీద ఎర్ర గీత పడాలి. ఎర్ర గీత పడితే వంటగది నుంచి ప్రత్యేకం తిండి రావాలి, డాక్టరుకు చెప్పాలి, ఆగగలిగిన ఆపరేషన్ ఆగాలి. గాయం పైపూతలతో మానదనీ, లోపల పడ్డ ముద్దతో మానుతుందనీ ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా కొత్తగా చేరిన నర్సులందరికీ చెబుతూ వచ్చింది. చెప్పించుకున్నవాళ్ళు పెద్ద ఆసుపత్రులకు వెళ్ళిపోయారు. ఆవిడ మిగిలింది.

ఆ ఏడాది మరీ మిగిలింది. ఉన్న నర్సుల్లో ఒకామె పురిటికి వెళ్ళింది, ఇంకొకామె మెరుగైన జీతానికి వెళ్ళింది. వాళ్ళ బదులు ఇద్దరు వస్తారని నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. మూడు నెలలుగా ఆ కాగితం ఒక్కటే క్రమం తప్పకుండా డ్యూటీకి వస్తోంది. ఇద్దరి పని ఒకరి నెత్తిన పడింది. చాలదన్నట్టు, లెక్కల టీచరుగా రిటైరైన అక్క బాత్రూమ్‌లో జారి తుంటి విరగ్గొట్టుకుని చెల్లెలి ఇంటికి చేరింది. అక్కకు భర్త లేడు. చెల్లెలికి పెళ్ళి లేదు, ఆ మాట అడిగేవాళ్ళు కూడా అలసిపోయి ఎప్పుడో మానేశారు. పొద్దున అక్కకు ఒళ్ళు తుడిచి, తినిపించి, బస్సెక్కి వార్డు. సాయంత్రం వార్డు దిగి, బస్సెక్కి, అక్కకు తినిపించి మళ్ళీ ఒళ్ళు తుడవడం. మధ్యాహ్నం డబ్బా మూడింటికి తెరిచి నాలుగు ముద్దలకే మూసేసేది. నమలడానికి ఓపిక ఉండేది కాదు. ముప్ఫై పళ్ళేల్లో ఎంతెంత మిగిలిందో పావు వంతు తేడా రాకుండా రాసే మనిషి, తన డబ్బాలో ఎంత మిగిలిందో ఏనాడూ చూసుకోలేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆవిడ మిషన్ ఎక్కింది. ఎదురుగా వార్డు ఆయమ్మ చీపురు పట్టుకుని ముల్లు చూస్తోంది.

"ఎంత?"

"అరవై, సిస్టరమ్మా."

"సరిగ్గా చూడు."

"అరవై అంటే అరవయ్యే. ముల్లేమన్నా నా మేనమామ కొడుకా, మొహమాటపడి తగ్గించి చెప్పడానికి?"

"అయితే మిషన్ జారింది," అని తీర్పు చెప్పి సిస్టర్ చక్రం తిప్పింది. ముల్లు అరవై ఒకటికి వచ్చి వినయంగా నిలబడింది.

పది వారాల్లో అలా ఐదుసార్లు జారింది. ఐదుసార్లూ సరిచేసింది. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉండాలి కదా, అది చూసుకోవద్దా అని మీరడుగుతారు. ఆ మిషన్ ముఖం మీది అద్దం ఎప్పుడో పగిలితే, పగిలినచోట ఆవిడే ఒక ప్లాస్టర్ ముక్క అంటించింది. ఆ ముక్క కింద సున్నా నుంచి పది దాకా అంకెలు కప్పబడిపోయాయి. పెద్దవాళ్ళ వార్డులో పది కిలోల లోపు మనిషి ఎలాగూ రాడు కాబట్టి ఆ అంకెలు లేని లోటు ఎవరికీ తెలియలేదు. జబ్బ కొలిచే కాగితం టేపు చిరిగిపోతే కొత్తది కావాలని స్టోరుకు రాసింది. అది వచ్చేదాకా ఆ గడిలో "పై విధముగా" అని రాస్తూ పోయింది. అలసిన చేతికి ఆ రెండు మాటలూ చాలా సుఖంగా అలవాటైపోయాయి.

ఈలోగా వార్డులో ఒక అద్భుతం జరిగింది. అందరూ బరువు తగ్గడం మానేశారు. కోలుకునేవాళ్ళయితే దిట్టంగా పెరిగారు. నెలవారీ నివేదిక చూసి సూపరింటెండెంటు ముగ్ధుడైపోయి ప్రశంసాపత్రం పంపాడు. దాన్ని నోటీసు బోర్డు మీద, రాబోయే నర్సుల కాగితం పక్కనే గుచ్చారు.

పదిహేడో మంచం మీది టైలర్ మాస్టారు వార్డుకు వచ్చింది సరిగ్గా ముల్లు మొదటిసారి జారిన వారమే. బస్సు మెట్టు మీద కాలు జారి కుడికాలి ముందెముక పొడవునా తోలు లేచిపోయింది. తొడ నుంచి చర్మం తీసి అతికించారు. రెండు వారాల్లో ఆ అతుకు ఊడిపోయింది. తర్వాత కట్లు, శుభ్రాలు, ఎదురుచూపులు. చివరికి సర్జన్ మంచం పక్కన నిలబడి దాచకుండా చెప్పాడు. "ఇంకొక్కసారి అతికిద్దాం. ఇదీ నిలబడకపోతే ఎముకకు చీము పట్టేలా ఉంది, మోకాలి కిందికి తీసేయాల్సి వస్తుంది." మాస్టారు నలభై ఏళ్ళుగా కుట్టుమిషన్ తొక్కింది ఆ కాలితోనే. ఆయన దుప్పటి అంచు పట్టుకుని కుట్టు లెక్కపెట్టాడు.

ఆపరేషన్ గురువారం అన్నారు. పత్రంలో ఆకలి మందం అన్నందుకు ఒక మార్కు ఉంది. బరువు గడిలో సున్నా: వచ్చినప్పుడు యాభై నాలుగు, ఇప్పుడూ యాభై నాలుగే. మొత్తం ఒకటి. ఎర్ర గీత లేదు. "మాస్టారు రాయిలా ఉన్నారు, గ్రాము తగ్గలేదు," అని సర్జన్ సంతోషించాడు కూడా.

మంగళవారం పొద్దున సిస్టర్ మందుల ట్రే పట్టుకుని వెళ్ళేసరికి మాస్టారు మంచం మీద కూర్చుని సూదీ దారంతో పైజామా నడుము పట్టీ మడిచి కుడుతున్నాడు.

"సూది ఎవరిచ్చారు మీకు?"

"ఆయమ్మ. ఆవిణ్ణి తిట్టకండి సిస్టర్ గారూ, పరువు కాపాడింది. నిన్న బాత్రూమ్ దారిలో పైజామాది ఒక దారి, నాదొక దారి అయిపోయేలా ఉంది. మడవడం ఇది మూడోసారి."

"బట్ట సాగి ఉంటుంది. మా లాండ్రీ వాళ్ళు దేన్నయినా సాగదీస్తారు."

"నలభై ఏళ్ళు బట్టతో కాపురం చేసినవాణ్ణి. బట్ట సాగిందో మనిషి తరిగాడో నాకు తెలీదంటారా?"

"మీరు యాభై నాలుగు మాస్టారూ. మిషన్ చెబుతోంది."

"మిషన్ చెబితే మహాప్రసాదం. నా టేపు మాత్రం నడుము రెండున్నర అంగుళాలు తగ్గిందంటోంది." ఆయన మెడలోని టేపును చూపించాడు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు గడియారం తీసి ఇంట్లో ఇచ్చాడు గానీ టేపు తియ్యలేదు. "ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు. నా టేపుకు తిప్పే చక్రం లేదు."

పద్దెనిమిదో మంచం మీది ముసలాయన కిసుక్కున నవ్వాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ, సిస్టర్ మాత్రల పొట్లం కాస్త గట్టిగానే పెట్టింది.

"కోపం తెచ్చుకోనంటే ఇంకో ముక్క," అన్నాడు మాస్టారు సూది కొస నోటికి ఆనించి. "మీ భుజం కుట్టు జబ్బ మీదికి జారిపోయింది. చెయ్యి దగ్గర అంగుళంన్నర వదులు. నడుముకు ఆ పిన్నీసు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"లాండ్రీ వాళ్ళు..." అని మొదలుపెట్టి సిస్టర్ ఆగిపోయింది.

మాస్టారు జాలిగా చూశాడు. "మీ బట్టలూ నా బట్టలూ ఒక్కసారే సాగాయి. చిత్రం కదా."

ఆవిడ ట్రే సగంలో వదిలి దుప్పట్ల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. పిన్నీసు తీసింది. లంగా జారబోతే పట్టుకుంది. ఆ పిన్నీసు పెట్టింది అక్క వచ్చిన నెలకి. రెండో పిన్నీసు మొన్న. మిషన్ జారడం మొదలైంది కూడా ఆ మొదటి పిన్నీసు నాడే. ఆవిడ లెక్కల్లో అక్కంత కాదు, కానీ ఈ లెక్కకు అక్క అక్కర్లేదు.

పావుగంట తర్వాత వంటగది లిఫ్టులోంచి ఒక చక్రాల కుర్చీ వచ్చింది. అందులో మెడదాకా దుప్పటి కప్పుకుని ఎవరో కూర్చున్నారు. తోసుకొస్తున్నది ఆయమ్మ.

"కొత్త కేసా? పేరేమిటి?" అని ముసలాయన అడిగాడు.

"పంచదార," అంది ఆయమ్మ. "ఇరవై ఐదు కిలోలు, సీలు విప్పలేదు."

సిస్టరూ ఆవిడా కలిసి బస్తాను తూకం గదిలోకి తీసుకెళ్ళి మిషన్ మీద కూర్చోబెట్టారు. ముల్లు ఇరవై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. సిస్టర్ చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత గోరుతో ప్లాస్టర్ ముక్క ఊడదీసింది. బస్తా దింపారు. ముల్లు కిందికి వచ్చి, వచ్చి, నాలుగున్నర దగ్గర కాళ్ళు చాపుకుని ఆగిపోయింది.

"అంటే మీరు అరవై ఒకటి కారన్నమాట," అంది ఆయమ్మ మెల్లగా.

"యాభై ఆరున్నర."

"అయ్యో సిస్టరమ్మా."

ఆవిడ గురించి అయ్యో అనడానికి తీరిక లేదు. మాస్టారు యాభై నాలుగు కాదు, నలభై తొమ్మిదిన్నర. ఆ టేపే అడిగి జబ్బ కొలిస్తే అక్కడా ఒక మార్కు పడింది. ఆకలి, బరువు, జబ్బ, మొత్తం మూడు. ఎల్లుండి ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి, ఉన్న ఆ కాస్త చర్మంలోంచి ఇంకో ముక్క తీసి, పట్టడానికి సత్తువ లేని కాలికి అతికిస్తారు.

ఆయమ్మ తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించింది. "చూడండి, నేను అంతా చూసినదాన్ని. ముల్లు వెనక్కి తిప్పెయ్యండి. రేపటి నుంచి సరిగ్గా రాసుకోండి. ఎవరడుగుతారు?"

"రేపు ముప్ఫై మందీ ఒక్క రాత్రిలో నాలుగున్నర కిలోలు తగ్గితే ఎవరూ అడగరా?"

"రోజుకు అరకిలో చొప్పున తగ్గించండి."

"గురువారం?"

ఆయమ్మ చీపురు అందుకుంది. సిస్టర్ దగ్గర దానికి జవాబు ఉంది, అదే ఆవిణ్ణి భయపెట్టింది. అతుకు ఊడిపోతే ఎవరూ మిషన్ దగ్గరికి రారు. పుండు మొండిది అంటారు, వయసు అంటారు, ఖర్మ అంటారు. పత్రం శుభ్రంగా ఉంటుంది, కాలు ఉండదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క మెమో లేదు, రిటైర్మెంటుకు ఐదేళ్ళు. అక్క మంచంలో ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుని ఇవన్నీ ఆలోచించాలనుకుంది గానీ అంత ఓపిక కూడా లేకపోయింది. అబద్ధం ఆడితే దాన్ని రోజూ అరకిలో చొప్పున పోషించాలి. నిజానికైతే ఒక్కసారి నిలబడితే చాలు. ధైర్యం వల్ల నిజం చెప్పినవాళ్ళ కథలు చాలా విన్నాం. ఈవిడ నీరసం వల్ల చెప్పింది. అదీ నిజమే అవుతుంది.

ఎర్ర పెన్ను తీసుకుని పదిహేడో పత్రం మీద గీత గీసింది. సర్జన్ రౌండ్స్‌కు వచ్చేసరికి ఆ కాగితం ముందుకు పెట్టి నిలబడింది.

"ఇదేమిటి సిస్టర్? నిన్నటిదాకా ఒకటి కదా?"

"పది వారాల తూకాలు తప్పు సార్. మిషన్ నాలుగున్నర ఎక్కువ చూపిస్తోంది."

"ఎవరు తిప్పారు దాన్ని?"

"నేనే."

"ఎందుకు?"

"నేను అరవై ఒకటి కాబట్టి."

సర్జన్ కళ్ళజోడు తీశాడు. ఆవిడ మొత్తం చెప్పింది, ప్లాస్టర్ ముక్కతో సహా. ఒక్కోసారి ఒక్కో మేరకు తిప్పింది కాబట్టి పాత తూకాల్లోంచి ఎంత తీసెయ్యాలో కూడా ఎవరికీ తెలియదనీ, అందరినీ ఇవాళ్టి నుంచి మొదలుపెట్టాల్సిందేననీ చెప్పింది. ఆయన అరుస్తాడనుకుంది. ఆయన అరవలేదు, అది ఇంకా బరువుగా ఉంది.

"ఇప్పుడు మీరెంత?" అన్నాడు చివరికి.

"యాభై ఆరున్నర సార్."

ఎనిమిదేళ్ళుగా కలిసి పనిచేస్తున్న ఆ మనిషి ఆవిణ్ణి మొదటిసారి చూసినట్టు చూశాడు. "గురువారం రద్దు," అన్నాడు. "మూడు వారాలు తినిపించండి. తర్వాత చూద్దాం. రిపోర్టు నేను రాయక తప్పదు సిస్టర్."

"రాయండి సార్."

మాస్టారు కృతజ్ఞతతో కన్నీళ్ళు పెట్టుకుంటాడని ఎవరైనా ఆశిస్తే నిరాశపడక తప్పదు. ఆయన మండిపడ్డాడు.

"మూడు వారాలా! బడులు తెరిచే రోజులండీ ఇవి. యూనిఫాం సీజన్ అంతా ఎదురుకొట్టు వాడు ఎగరేసుకుపోతాడు. మిషన్ సరిచూడమన్నాను గానీ నా ఆపరేషన్ ఆపమన్నానా?"

"మాస్టారూ, ఒక మాట చెప్పండి. చివికిన గుడ్డకు గట్టి అతుకు వేస్తే ఏమవుతుంది?"

 ఆయన జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు. అడిగింది వృత్తి విషయం.

"అతుకు బాగానే ఉంటుంది," అన్నాడు. "చుట్టూ ఉన్న గుడ్డే పోతుంది."

"మరి?"

మాస్టారు కిటికీ వైపు చూశాడు, కట్టు వైపు చూశాడు, ట్రేలో ఆయన రోజూ ముఖం చిట్లించే ఉడికిన కోడిగుడ్డు వైపు చూశాడు. "ఇటు తగలెయ్యండి," అన్నాడు.

ఆ సాయంత్రం అక్కకు తినిపిస్తూ సిస్టర్ జరిగింది చెప్పింది. అక్క మూడు ముద్దలు మింగి, నాలుగోదాన్ని చేత్తో ఆపింది.

"నా క్లాసులోనూ ఉండేవాళ్ళే, జవాబు ముందు రాసుకుని లెక్క తర్వాత చేసేవాళ్ళు. చెవి మెలిపెట్టేదాన్ని. నీకు యాభై మూడేళ్ళొచ్చాయి, ఏ చెవి మెలిపెట్టనే?"

"ఏదైనా ఒకటే. రెండూ పనిచెయ్యడం లేదు."

"ముందు నువ్వు తిను. తర్వాత నాకు పెడుదువుగాని. తుంటి విరిగింది గానీ నాకు ఆకలి ఆపుకునే శక్తి పోలేదు."

"నువ్వు ముందు..."

"నోరు మూసుకుని నోరు తెరు," అంది అక్క. ముప్ఫై ఐదేళ్ళు పిల్లల్ని అదిలించిన గొంతు అది. చెల్లెలు తింది.

తర్వాత జరగవలసినవి ఒక్కొక్కటే జరిగాయి. ముప్ఫై మందినీ మళ్ళీ తూచారు. మాస్టారుతో కలిపి ఏడు ఎర్ర గీతలు పడ్డాయి. వంటగదివాళ్ళు ఒక్కరోజులో ఏడు ప్రత్యేకం పళ్ళేలా అని గొడవపడ్డారు. ప్రశంసాపత్రాన్ని ఒక గుమాస్తా వచ్చి, ఇచ్చినప్పటికంటే చాలా త్వరగా, తీసుకుపోయాడు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది. ఆవిడ నాలుగు పేజీలు రాసింది. చదువుకుంటే అందులో మూడున్నర పేజీలు నోటీసు బోర్డు మీది కాగితం గురించీ, స్టోరు పంపని టేపు గురించీ ఉన్నాయి. అవన్నీ నిజాలే. అయినా చింపేసి రెండు వాక్యాలు రాసింది: "మిషన్ తప్పిందనుకుని తిప్పాను. తప్పింది నేను." దానికి జవాబు ఇంతవరకూ రాలేదు. ఆవిడ రోజూ దాని కోసం చూస్తుంది, కొత్త నర్సుల కోసం చూసినట్టే.

మాస్టారు గుడ్లను శత్రువుల్లా చూస్తూనే మింగాడు. మూడు వారాలకు యాభై ఒకటికి వచ్చాడు, నాలుగో వారం యాభై రెండు. అప్పుడు సర్జన్ అతుకు వేశాడు. కట్టు విప్పే రోజున వార్డంతా పని ఉన్నట్టు ఆ మంచం చుట్టూనే తిరిగింది. అతుకు పట్టింది, మడమ వైపు ఒక మూల తప్ప. "ఆ మూల సంగతి చిన్నది, దానంతటదే పూడుతుంది," అన్నాడు సర్జన్. మాస్టారు తన కాలిని అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు వంకర," అన్నాడు. అంతకు మించిన మెప్పు ఆయన ఏ సాటి పనివాడికీ ఇచ్చి ఎరగడు.

ఇంటికి వెళ్ళే ముందు ఆయన పట్టుబట్టి సిస్టర్ యూనిఫాం ఒకటి తెప్పించుకుని చేత్తోనే సరిచేశాడు. బట్ట కత్తిరించలేదు. భుజం దగ్గరా నడుము దగ్గరా లోపలికి మడిచి వదులు కుట్లు వేశాడు.

"ఇది విప్పుకోవడానికి వేసిన కుట్టు," అన్నాడు. "అరవై ఒకటి దాకా బట్ట లోపలే ఉంది. పిన్నీసులు నాకిచ్చెయ్యండి, కొట్టులో పనికొస్తాయి."

ఇప్పుడు ఆ వార్డుకు వేరే పడికట్టు రాయి వచ్చింది. కింది అంతస్తు మిషన్ మీద తూచి, సీలు వేసిన ఇరవై ఐదు కిలోల ఇసక సంచీ. వంటగదివాళ్ళు పంచదార మళ్ళీ ఇచ్చేది లేదన్నారు. రోగులు దాన్ని కొత్త సిస్టర్ అంటారు. వచ్చిన ఒకే ఒక కొత్త సిస్టర్ అదే కాబట్టి తప్పుపట్టలేం. పొద్దున్నే ముందు సంచీ ఎక్కుతుంది. ప్లాస్టర్ లేని అద్దం వెనక ముల్లు సున్నా నుంచి బయలుదేరి ఇరవై ఐదు దగ్గర ఆగుతుంది. తర్వాత ముప్ఫై మంది. అందరూ అయ్యాక ముప్ఫై ఒకటో పత్రం, ఆవిడది. అది సర్జన్ ఆర్డరు.

నిన్న పొద్దున ఆవిడ మిషన్ ఎక్కింది. ఆయమ్మ చీపురు గోడకానించి ముల్లు చూసింది.

"ఎంత?"

"యాభై ఏడుంపావు."

"సరిగ్గా చూడు."

అంటూనే, తొమ్మిదేళ్ళ అలవాటు కదా, సిస్టర్ బొటనవేలు తనకు తెలియకుండానే చక్రం మీదికి వెళ్ళింది. ఆయమ్మ ఆ చేతి మీద ఫట్టున ఒక్కటేసింది.

"చెయ్యి తియ్యండి. రాసుకోండి, యాభై ఏడుంపావు. ఆకలి?"

సిస్టర్‌కు అబద్ధం చెప్పే ఓపిక ఇంకా రాలేదు.

"మందం," అంది. "ఒకటి వెయ్యి."